కుర్ర మిడ్‌ఫీల్డర్ ఇప్పటికే ఎలీటా, కాదా? ఫుటీ చూసి తేల్చుకోవడం ఎలా?

మార్చిలో ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌కు ఇక్కడి ముద్దుపేరు) సీజన్ మొదలైందంటే చాలు, మెల్‌బోర్న్‌లో ఏ ఆఫీసుకు వెళ్లినా సోమవారం పొద్దున కాఫీ మెషీన్ దగ్గర ఒకటే వాదన. శనివారం మ్యాచ్‌లో ఫలానా 19 ఏళ్ల కుర్రాడు 30 సార్లు బంతి ఆడాడు, రెండు గోల్స్ కొట్టాడు, ఇప్పటికే ఎలీట్ అయిపోయాడని ఒకరంటారు, ఇంకో రెండేళ్లు ఆగి మాట్లాడండని ఇంకొకరంటారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల వైపు తలూపేవాణ్ణి. మెల్లగా ఆట మీద ఇష్టం పెరిగింది, గ్రౌండ్‌కు వెళ్లి చూడటం అలవాటైంది, ఇప్పుడు మా అబ్బాయి కూడా వారం వారం పిల్లల ఫుటీకి వెళ్తున్నాడు. ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకు నాకంటూ ఒక పద్ధతి కుదిరింది. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ఆట కొత్తవాళ్ల కోసం నాలుగు మాటలు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో మైదానంలో ఒక్కో జట్టుకు 18 మంది. మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, బంతి కూడా అంతే, కాబట్టి నేల మీద పడ్డాక ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. బంతిని కాలితో తన్నాలి, లేదంటే ఒక చేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి (దీన్నే హ్యాండ్‌బాల్ అంటారు). విసరకూడదు. మధ్యలో ఉన్న రెండు పొడవాటి స్తంభాల మధ్యకు తన్నితే గోల్, 6 పాయింట్లు. ఆ స్తంభాలకూ వాటి పక్కన ఉండే స్తంభాలకూ మధ్య నుంచి వెళ్తే 1 పాయింటు. అందరికంటే ఎక్కువ పరిగెత్తేది మిడ్‌ఫీల్డర్లే, ఒక మ్యాచ్‌లో 12 నుంచి 14 కిలోమీటర్లు మామూలు విషయం. మ్యాచ్ ఎటు తిరుగుతుందో చాలాసార్లు వాళ్ల దగ్గరే తేలిపోతుంది, అందుకే కుర్ర మిడ్‌ఫీల్డర్ల మీద ఇంత చర్చ.

ముందు "ఎలీట్" అంటే ఎంతమందో లెక్క కట్టండి

ఎక్కువ వాదనలు తెగకపోవడానికి కారణం ఇదే. ఒకరు ఎలీట్ అంటే "చాలా బాగా ఆడుతున్నాడు" అనే అర్థంలో అంటారు, ఇంకొకరు "లీగ్‌లోకెల్లా మేటి" అనే అర్థంలో వింటారు. ఈ ఆటలో పెద్ద పోటీ అయిన ఏఎఫ్‌ఎల్ లీగ్‌కు అధికారికంగా గణాంకాలు ఇచ్చే ఛాంపియన్ డేటా సంస్థకు మాత్రం ఈ మాటకు ఒక కొలత ఉంది: ఒక స్థానంలో ఆడేవాళ్లందరిలో పై 10 శాతంలో ఉంటేనే ఎలీట్. ఆ తర్వాతి 25 శాతం "సగటు కంటే పైన".

ఈ 10 శాతాన్ని మనుషుల్లోకి మార్చి చూడండి. లీగ్‌లో ఇప్పుడు 18 జట్లు. ఒక్కో జట్టులో వారం వారం నిఖార్సుగా మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాళ్లు నలుగురైదుగురు. అంటే మొత్తం 70 నుంచి 90 మంది. అందులో పదో వంతు అంటే ఏడెనిమిది మంది, మహా అయితే తొమ్మిది. నేను ఎనిమిది అనుకుంటాను.

ఇప్పుడు ఒక కాగితం తీసి మీకు తెలిసిన అత్యుత్తమ మిడ్‌ఫీల్డర్లు ఎనిమిది మంది పేర్లు రాయండి. కుర్రాణ్ణి ఎలీట్ అనాలంటే ఆ కాగితం మీద నుంచి ఒక పేరు కొట్టేయాలి, ఎందుకు కొట్టేశారో చెప్పగలగాలి. "19 ఏళ్లకే ఇలా ఆడుతున్నాడంటే" అని మొదలయ్యే వాక్యం ఏదైనా భవిష్యత్తు గురించి చెప్పే వాక్యం. అది తప్పు కాదు, కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. ఇప్పటికే ఎలీటా అని అడిగినప్పుడు వయసు మాట పక్కన పెట్టేయాలి. అతనికి 29 ఏళ్లనుకోండి, ఇదే ఆటకు ఆ ఎనిమిది మందిలో చోటిస్తారా? ఇవ్వనంటే సమాధానం "ఇంకా కాదు", అంతే. నేను చివరిదాకా పట్టుకుని వేలాడేది ఈ ఒక్క పరీక్షనే, కింద రాసినవన్నీ దీనికి ఆధారాలు ఎలా పోగు చేసుకోవాలన్నదే.

అతను నిజంగా మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతున్నాడా?

ఈ సంగతి చాలామంది చూడరు. కోచ్‌లు కొత్తగా వచ్చిన కుర్రాళ్లను నేరుగా మధ్యలోకి దింపడం తక్కువ. ముందు హాఫ్ బ్యాక్‌లోనో (తన గోల్‌ను కాపాడే వెనకవైపు), వింగ్‌లోనో (మైదానం పక్క అంచున), ముందువైపు ఓ మూలనో ఆడించి, శరీరం గట్టిపడ్డాక లోపలికి తెస్తారు. హాఫ్ బ్యాక్‌లో ఆడేవాడికి బంతి తేలిగ్గా దొరుకుతుంది, చుట్టూ ఖాళీ ఉంటుంది, ఎదురుగా ఆట మొత్తం కనపడుతుంది. నార్త్ మెల్‌బోర్న్ ఆటగాడు హ్యారీ షీజిల్ 2023లో తన మొట్టమొదటి మ్యాచ్‌లోనే 34 డిస్పోజల్స్ చేశాడు (డిస్పోజల్ అంటే తన్నిన బంతులు, హ్యాండ్‌బాల్స్ కలిపిన లెక్క). ఆ ఏడాదే రైజింగ్ స్టార్ (లీగ్‌లో ఉత్తమ కుర్ర ఆటగాడికిచ్చే అవార్డు) గెలిచాడు, తన క్లబ్ ఉత్తమ ఆటగాడి అవార్డు కూడా అందుకున్నాడు. అద్భుతమైన మొదటి సంవత్సరం. కానీ అతను ఆడింది ఎక్కువగా వెనకవైపు. ఆ 34ను గుంపు మధ్య నలిగిపోతూ ఆడేవాడి 34 పక్కన పెట్టి పోల్చకూడదు.

ఇది తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. ప్రతి క్వార్టర్ (మ్యాచ్‌లో నాలుగో భాగం) మొదట్లో, ప్రతి గోల్ తర్వాత ఆట మైదానం నడిమధ్య నుంచి మొదలవుతుంది. అప్పుడు సెంటర్ స్క్వేర్‌లో ఒక్కో జట్టుకు నలుగురే ఉండాలి: ఒక రక్‌మన్ (బంతి కోసం ఎగిరే పొడగరి), ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు. మీ కుర్రాడు ఆ ముగ్గురిలో ఎన్నిసార్లు ఉన్నాడో లెక్కపెట్టండి. నూటికి 70, 80 సార్లు ఉంటే జట్టు అతన్ని మిడ్‌ఫీల్డర్‌గా నమ్ముతోందని అర్థం. 20, 30 సార్లే అయితే మీ ప్రశ్న ఏడాది ముందుగా వచ్చేసినట్టే. ఇంకో సంగతి కూడా గమనించండి, మ్యాచ్ చివర్లో స్కోర్లు దగ్గరగా ఉన్నప్పుడు కోచ్ ఆ ముగ్గురిలో అతన్ని ఉంచుతున్నాడా, తీసేస్తున్నాడా?

ఒక క్వార్టర్ పాటు బంతిని వదిలేసి అతన్నే చూడండి

టీవీలో ఇది కుదరదు, కెమెరా బంతి వెంట పోతుంది. గ్రౌండ్‌కు వెళ్లండి. ఎంసీజీ అయితే మరీ మంచిది, గోల్ స్తంభాల వెనక పై అంతస్తులో కూర్చుంటే మైదానం మొత్తం క్యారమ్ బోర్డులా కనపడుతుంది, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎటు కదులుతున్నారో అన్నీ తెలుస్తాయి. ఒక్క క్వార్టర్ చాలు. 20 నిమిషాలు, దాని మీద ఆగిన సమయం కలిపి అరగంట దాకా పడుతుంది.

మొదట చూడాల్సింది బంతి పైకి లేవకముందు అతను ఎక్కడ నిలబడ్డాడన్నది. మంచి మిడ్‌ఫీల్డర్ తన రక్‌మన్ ఎటు తడతాడో ముందే ఊహించి, సరిగ్గా బంతి పడే వేళకు అక్కడికి నడకలో ఉంటాడు. మామూలు ఆటగాడు నిలబడి ఉండి, బంతి పడ్డాక కదులుతాడు. తేడా ఒకే ఒక్క అడుగు, కానీ ఆ అడుగే మొత్తం. తర్వాత చేతులు. ఈ బంతి ఎటు ఎగురుతుందో తెలియదు కాబట్టి నేల మీద నుంచి ఒక్క పట్టులో తీయడం చాలా కష్టం, రెండుసార్లు తడుముకుంటే చాలు, అప్పటికే ఎవడో ఒకడు నడుం పట్టుకుంటాడు. ఒక్క పట్టులో తీసేవాణ్ణి గుర్తుపెట్టుకోండి.

తీశాక ఏం చేశాడు? ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచికీ ఎలీట్‌కీ తేడా నాకు బాగా కనపడింది ఇక్కడే. గుంపులోంచి బంతి తీసి గుడ్డిగా ముందుకు తన్నేవాళ్లు ప్రతి జట్టులో ఉంటారు, గణాంకాల్లో అది కూడా బాగానే కనపడుతుంది. ఎలీట్ ఆటగాడు ఇద్దరు మీద పడుతున్నా తల పైకెత్తి, పక్కన పరిగెత్తుతున్న తనవాణ్ణి చూసి, అతను పరుగు ఆపకుండా అందుకునేలా బంతిని అతని ముందుకు ఇస్తాడు. లేదా తుంటి ఒక్కసారి తిప్పి మీద పడేవాణ్ణి గాలిలో వదిలేసి, అర సెకను ఖాళీ సంపాదించి, అప్పుడు తంతాడు. కాలు కూడా చూడండి: కుడికాలితో మాత్రమే తన్నగలిగేవాణ్ణి ప్రత్యర్థులు నెల రోజుల్లో కనిపెట్టి కుడివైపు మూసేస్తారు. రెండు కాళ్లతో తన్నగలిగేవాణ్ణి అలా మూసేయలేరు.

ఇక బంతి ప్రత్యర్థికి పోయాక. కుర్రాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. తను కాపలా కాయాల్సిన మనిషి పరిగెత్తి వెళ్లిపోతుంటే నడుస్తూ చూసేవాడు, 35 డిస్పోజల్స్ చేసినా సరే, తన జట్టుకు ఇచ్చినంతా వెనకనుంచి పోగొడుతున్నట్టే. కాగితం మీద నాలుగు గళ్లు గీసి గీతలు పెట్టుకోండి: శుభ్రంగా తీసినవి, తడబడినవి, తీసిన బంతిని తనవాళ్లకు అందించినవి, తన మనిషిని వదిలేసినవి. ఒక్క క్వార్టర్ ఇలా రాసుకుంటే మర్నాడు పేపర్లో వచ్చే మార్కుల కంటే మీకే ఎక్కువ తెలుస్తుంది. మొదట్లో మా అబ్బాయి నాకు ఈ గీతలు పెట్టి ఇచ్చేవాడు, ఇప్పుడు వాడే నన్ను దిద్దుతున్నాడు.

అంకెలు చూడండి, కానీ ఏ అంకె ఏం చెబుతుందో తెలుసుకుని

కబడ్డీ తెలిసినవాళ్లకు ఇది చెప్పడం సులువు. ఎదుట ఏడుగురూ ఉన్నప్పుడు తెచ్చిన పాయింటూ, ఇద్దరే మిగిలినప్పుడు తెచ్చిన పాయింటూ స్కోరు బోర్డు మీద ఒక్కటే. డూ ఆర్ డై రెయిడ్‌కు వెళ్లి పాయింటుతో వచ్చేవాడి విలువ చూసేవాళ్లకు తెలుసు. డిస్పోజల్స్ కూడా అంతే. ఖాళీగా నిలబడి పక్కవాడు ఇచ్చిన బంతి అందుకుని వెనక్కి ఇచ్చినా ఒకటి, ముగ్గురి కాళ్ల సందులోంచి బంతి లాగి గోల్‌కు దారి తీసినా ఒకటే. మ్యాచ్‌కు 30 అంటే మంచి రోజు, సీజన్ మొత్తం సగటు 30 దగ్గర ఉండేవాళ్లు లీగ్‌లో కొద్దిమందే, కాబట్టి ఆ అంకెను కొట్టిపారేయనక్కర్లేదు. దాని ఒక్కదాని మీదే తీర్పు చెప్పకూడదంతే.

నేను చూసేవి ఇవి. కంటెస్టెడ్ పొసెషన్, అంటే పోటీలో ఉన్న బంతిని గెలిచి తీసుకున్నది. మ్యాచ్‌కు సగటున 12 దాటితే అతను నిజంగా లోపల పని చేస్తున్నాడు. క్లియరెన్స్, అంటే ఆట ఆగి మళ్లీ మొదలైన చోటు నుంచి బంతిని బయటికి తెచ్చినది. సగటు 6 దాటితే ముందు వరుస. స్కోర్ ఇన్వాల్వ్‌మెంట్, అంటే చివరికి స్కోరుగా ముగిసిన ఆటలో అతని చెయ్యో కాలో ఎన్నిసార్లు ఉందన్నది. కుర్రాళ్ల విషయంలో నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే ఉత్తుత్తి బంతులతో దీన్ని పెంచుకోవడం కష్టం. వీటికి ఎదురుగా టర్నోవర్లు, అంటే ప్రత్యర్థికి అప్పజెప్పిన బంతులు.

డిస్పోజల్ ఎఫిషియన్సీ అనే శాతంతో జాగ్రత్తగా ఉండండి. 40 మీటర్లు దాటిన లాంగ్ కిక్ మనవాడికి కచ్చితంగా చేరకపోయినా, ఇద్దరికీ సమాన అవకాశం ఉన్న పోటీలో పడితే చాలు, సరిగ్గా చేరినట్టే లెక్క. హ్యాండ్‌బాల్ నాలుగు అడుగుల దూరానికి ఇచ్చినా చేరినట్టే. కాబట్టి 80 శాతం ఉన్నవాడు 68 శాతం ఉన్నవాడి కంటే బాగా తంతాడని అనుకోవద్దు, రెండోవాడు కష్టమైన తన్నులు తంతుండవచ్చు.

ఫ్యాంటసీ స్కోర్లు ఈ వాదనలోకి అసలు తేవద్దు. అక్కడ కిక్‌కు 3, హ్యాండ్‌బాల్‌కు 2, క్యాచ్ పడితే 3, ట్యాకిల్‌కు 4, గోల్‌కు 6. నేరుగా ప్రత్యర్థి చేతిలోకి తన్నినా ఆ 3 వచ్చేస్తాయి! ఆడుకోవడానికి సరదాగా ఉంటుంది, నేనూ ఆడతాను, కానీ ఎలీటా కాదా అని తేల్చడానికి కాదు. దానికంటే ఛాంపియన్ డేటా లెక్కించే ప్లేయర్ రేటింగ్స్ మేలు. అందులో బంతి ఎక్కడ, ఎంత ఒత్తిడిలో దొరికింది, అతను చేసిన పని వల్ల తర్వాతి స్కోరు తన జట్టుకు వచ్చే అవకాశం పెరిగిందా తగ్గిందా అని చూస్తారు.

బలహీనమైన జట్టులో ఉన్నవాడి అంకెలు చదవడం ఇంకా కష్టం. హార్లీ రీడ్‌నే తీసుకోండి, 2023 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు ఏటా వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి) మొదటి పేరు, అతని మీద ఉన్నంత చర్చ ఈ మధ్య ఏ కుర్రాడి మీదా లేదు. అతని జట్టు వెస్ట్ కోస్ట్ 2025 సీజన్ మొత్తంలో ఒక్కటే మ్యాచ్ గెలిచింది. అలాంటి జట్టులో బంతే తక్కువ దొరుకుతుంది, దొరికినప్పుడు ముందు ఇవ్వడానికి మనిషి ఉండడు, స్కోర్ ఇన్వాల్వ్‌మెంట్లు తగ్గుతాయి. అలాగని "జట్టు బాగుంటే ఇతను ఎలీట్" అనడానికి కూడా లేదు. ఇలాంటప్పుడు అంకెలు పక్కన పెట్టి, పైన చెప్పిన కాగితం, గీతల పద్ధతినే నమ్ముతాను.

ప్రత్యర్థి కోచ్ ఏం చేస్తున్నాడో చూడండి

ప్రత్యర్థి కోచ్ పొగడ్తల కోసం పని చేయడు. తన జట్టులో ఒక మనిషిని సొంత ఆట మానుకోమని చెప్పి, నీ పని వీణ్ణి ఆపడమేనని పంపాడంటే, అది పెద్ద ఖర్చు. ఇలా నీడలా వెంటపడే ఆటగాణ్ణి ట్యాగర్ అంటారు. కుర్రాడికి ట్యాగర్ రావడం మొదలైతే మొదటి గుర్తు. ట్యాగర్ ఉన్నా అతను ఏదో ఒక దారి వెతుక్కుంటే రెండో గుర్తు: వింగ్ మీదకు వెళ్లడం, ముందుకు వెళ్లి గోల్ దగ్గర నిలబడటం, తను ఆగిపోయి ట్యాగర్‌ను కూడా అక్కడే ఆపేసి పక్కవాళ్లకు చోటు ఇవ్వడం.

ఒక్క రోజు ట్యాగర్ చేతిలో చిత్తయితే మాత్రం ఎలీట్ కాదనకండి. 2023 ఆగస్టులో హాథార్న్ ఆటగాడు ఫిన్ మగినిస్ కాలింగ్‌వుడ్ కుర్రాడు నిక్ డేకాస్‌ను మ్యాచ్ మొత్తంలో 5 డిస్పోజల్స్‌కు కట్టేశాడు. ఆ మ్యాచ్‌లోనే డేకాస్ మోకాలికి దెబ్బ కూడా తగిలింది. ఆ వారం ఎంత మాట్లాడారో! కానీ అప్పటిదాకా అతన్ని ఆపాలని చూసిన జట్లు ఎన్ని, ఆపగలిగినవి ఎన్ని అన్నది కదా లెక్క.

కోచ్‌ల ఓట్లు కూడా ఉన్నాయి. ప్రతి మ్యాచ్ తర్వాత ఇద్దరు కోచ్‌లూ బాగా ఆడినవాళ్లకు విడివిడిగా 5, 4, 3, 2, 1 చొప్పున ఓట్లు వేస్తారు, ఇద్దరూ మొదటి స్థానం ఇస్తే 10. వీటిని ప్రతి వారం బయటపెడతారు. అంపైర్లు 3, 2, 1 వేసే బ్రౌన్‌లో మెడల్ (సీజన్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు) ఓట్లు సీజన్ అయిపోయేదాకా తెలియవు, పైగా అంపైర్ తన కళ్ల ముందు బంతితో ఉన్నవాణ్ణి ఎక్కువ గుర్తుపెట్టుకుంటాడు. సీజన్ మధ్యలో తేల్చుకోవాలంటే కోచ్‌ల ఓట్లే చూడండి, అందులోనూ ఓడిపోయిన రోజు వచ్చిన ఓట్లు.

చెడ్డ రోజున ఎలా ఆడాడు?

బంతి సబ్బులా జారే వానరోజు, మెల్‌బోర్న్ నుంచి నాలుగు గంటలు విమానంలో పెర్త్ వెళ్లి ఆడిన రోజు, ఆరు రోజుల తేడాతోనే ఇంకో మ్యాచ్ ఉన్న వారం. ఎలీట్ మిడ్‌ఫీల్డర్‌కు కూడా చెడ్డ రోజులుంటాయి, కానీ అతని చెడ్డ రోజు మిగతావాళ్ల మామూలు రోజులా ఉంటుంది. బంతి దొరక్కపోతే ఏడెనిమిది ట్యాకిల్స్ చేస్తాడు, ఎవరికో దారి చేసి పెడతాడు. నాలుగో క్వార్టర్ ప్రత్యేకంగా చూడండి. కుర్రాళ్ల కాళ్లు అక్కడే బరువెక్కుతాయి, మొదటి మూడు క్వార్టర్లలో 24 ఉండి చివరిదాంట్లో 2 అంటే శరీరం ఇంకా తయారుకాలేదని అర్థం.

ఎన్ని మ్యాచ్‌లు చూస్తే చాలు?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. నిజమే, పరిమళం తెలుస్తుంది. చెట్టు ఎన్ని కాయలు కాస్తుందో ఆ రోజే తెలియదు. దీనికి మాట్ రావెల్ కథ కంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

2019 డ్రాఫ్ట్‌లో గోల్డ్ కోస్ట్ మొదటి పేరుగా రావెల్‌ను, రెండో పేరుగా అతని స్నేహితుడు నోవా ఆండర్సన్‌ను తీసుకుంది. 2020 సీజన్ కోవిడ్ వల్ల ఆగి జూన్‌లో మళ్లీ మొదలైంది. అప్పటికి రావెల్‌కు ఇంకా 18 ఏళ్లే. రెండో రౌండ్, మూడో రౌండ్, నాలుగో రౌండ్, వరుసగా మూడు మ్యాచ్‌ల్లోనూ మైదానంలో అందరికంటే బాగా ఆడాడని అంపైర్లు 3 ఓట్ల చొప్పున వేశారు. పెద్ద పెద్ద శరీరాల మధ్యకు దూసుకెళ్లి బంతి తీసుకుని బయటికొస్తుంటే, చూసేవాళ్లు నోరు తెరిచి చూశారు, నేను కూడా. అందరూ అనేశారు, ఎలీట్ అని. ఐదో రౌండ్‌లో జీలాంగ్ మీద ఆడుతూ భుజం తప్పింది, సీజన్ అయిపోయింది. 2021 మొదటి మ్యాచ్‌లోనే మోకాలు. ఆ తర్వాతి సంవత్సరాల్లో గట్టి ట్యాకిల్స్‌కు, గుంపులో బంతి తీయడానికి పేరు తెచ్చుకున్నాడు కానీ, ఆ ఎనిమిది పేర్లలో అతని పేరు రాసేవాళ్లు తక్కువ. 2025లో 39 ఓట్లతో బ్రౌన్‌లో గెలిచాడు. అదే ఏడాది గోల్డ్ కోస్ట్ తన చరిత్రలో మొదటిసారి ఫైనల్స్ (పట్టికలో పైనున్న జట్లు సీజన్ చివర ఆడే మ్యాచ్‌లు) ఆడింది. అప్పటికి అతనికి 24.

2020లో ఎలీట్ అన్నవాళ్లు చివరికి కరెక్టే కదా అని మీరు అడగవచ్చు. నా ఉద్దేశంలో కాదు. ఐదు మ్యాచ్‌లు, అందులో ఒకటి సగంలో ఆగింది, పైగా ఆ ఏడాది క్వార్టర్లను 16 నిమిషాలకు కుదించారు, ఏ కోచ్‌కూ అతన్ని ఎలా ఆపాలో ఆలోచించే సమయం కూడా దొరకలేదు. అప్పుడు సరైన జవాబు "ఇంకా చెప్పలేం". 2025 ఆటగాడు భుజం, మోకాలు, ఐదేళ్ల దెబ్బలు దాటుకుని తయారైనవాడు, అతనికి ఆ పేరు 2020 నాటి నాలుగు మ్యాచ్‌ల వల్ల రాలేదు.

మనకు క్రికెట్‌లో ఈ అనుభవం లేదా ఏమిటి? అదే ఎంసీజీలో 2024 డిసెంబర్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 21 ఏళ్లకు టెస్ట్ సెంచరీ కొట్టినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఇన్నింగ్స్ ఎప్పటికీ అతనిదే. కానీ ఆ రాత్రే అతన్ని ప్రపంచంలోని గొప్ప ఆల్‌రౌండర్ల వరసలో నిలబెట్టేయడం అతని నెత్తిన బరువు పెట్టడమే అవుతుంది.

నా లెక్క ఇలా ఉంటుంది. నిజంగా మిడ్‌ఫీల్డ్‌లో ఆడినవి కనీసం 15 మ్యాచ్‌లు ఉండాలి. అందులో రెండు, మూడుసార్లయినా ట్యాగర్ వచ్చి ఉండాలి. ఒకే జట్టు మీద రెండోసారి ఆడి ఉంటే ఇంకా మంచిది, మొదటిసారి తెలియక వదిలేసినవాళ్లు రెండోసారి సిద్ధపడి వస్తారు.

ఇప్పుడు పేరు కొట్టేయగలరా?

అన్నీ కలిపి ఒక ఉదాహరణ చేసి చూపిస్తాను, మళ్లీ నిక్ డేకాస్‌తోనే. తండ్రి పీటర్ డేకాస్ కాలింగ్‌వుడ్‌కు 250 మ్యాచ్‌లు ఆడినవాడు, కాబట్టి ఇంటిపేరుకే సగం ప్రచారం వచ్చేస్తుంది, అందుకే నేను ఇతని విషయంలో కావాలనే గట్టిగా ఉన్నాను. డ్రాఫ్ట్ స్థానం కూడా పక్కన పెట్టేయండి. ఇతను 4వ పేరు, రెండు బ్రౌన్‌లోలు గెలిచిన లాకీ నీల్ 58వ పేరు. 18 ఏళ్లప్పుడు ఎవరు ఏమనుకున్నారన్నది ఇప్పటి ఆటకు సాక్ష్యం కాదు.

2022, మొదటి ఏడాది. రైజింగ్ స్టార్ గెలిచాడు. కానీ ఎక్కువగా ఆడింది హాఫ్ బ్యాక్. మిడ్‌ఫీల్డర్‌గా ఎలీటా అంటే, ఇంకా చెప్పలేం. 2023లో మధ్యలోకి వచ్చాడు. సీజన్ సగానికి వచ్చేసరికి వారం వారం అతని కోసం ప్రత్యర్థులు ప్లాన్ మార్చుకుంటున్నారు, అతను గోల్స్ కూడా కొడుతున్నాడు, గెలుపు ఓటములు తేలే నిమిషాల్లో బంతి అతని చేతిలోనే ఉంటోంది. మోకాలి దెబ్బతో చివరి 3 మ్యాచ్‌లు ఆడలేదు, అయినా బ్రౌన్‌లోలో 28 ఓట్లు. గెలిచిన లాకీ నీల్‌కు 31, మధ్యలో వెస్టర్న్ బుల్‌డాగ్స్ ఆటగాడు మార్కస్ బాంటెంపెల్లికి 29. ఆ ఏడాదే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో (లీగ్ మొత్తంలోంచి ఏటా ఎంచే మేటి ఆటగాళ్ల జట్టు) చోటు, సెప్టెంబర్‌లో కోలుకుని వచ్చి ఛాంపియన్‌షిప్. అప్పటికి అతనికి 20 ఏళ్లు. వయసు తీసేసి చూసినా ఎనిమిది మందిలో ఉంటాడు, కాబట్టి అవును, ఇప్పటికే ఎలీట్. తర్వాత 2024లో 38 ఓట్లు, 2025లో 32, రెండుసార్లూ రెండో స్థానం.

ఇలాంటివాళ్లు అరుదని గుర్తుంచుకోండి. క్రిస్ జడ్ 2004లో 21 ఏళ్లకు బ్రౌన్‌లో గెలిచాడు. జోయెల్ సెల్వుడ్ 2007లో మొదటి సీజన్‌లోనే రైజింగ్ స్టార్, జీలాంగ్‌తో ఛాంపియన్‌షిప్, రెండూ అందుకున్నాడు, అయినా మొదటి ఏడాది సెల్వుడ్‌ను నేనైతే "బలమైన జట్టులో అద్భుతమైన కుర్రాడు" అనే గడిలోనే పెడతాను, మీరు ఒప్పుకోకపోవచ్చు.

మీ జవాబు "ఎలీట్", "ఇంకా కాదు", "ఇంకా చెప్పలేం" అనే మూడింటిలో ఒకటిగా రాసి, పక్కన తేదీ, ఎవరి పేరు కొట్టేశారో కూడా వేసుకోండి. మూడో జవాబు రాయడానికి మొహమాటపడకండి, నా పుస్తకంలో ఎక్కువ ఉన్నవి అవే. సీజన్ మధ్యలో మీ కుర్రాడి జట్టుకు ఆట లేని వారం వస్తుంది, అప్పుడు ఆ పుస్తకం తీసి, అప్పటిదాకా చేరిన మ్యాచ్‌లు, ట్యాగర్లు, నాలుగో క్వార్టర్లు చూసి మళ్లీ రాయండి. సోమవారం పొద్దున ఎవరైనా వాదనకు వస్తే ముందు వాళ్ల ఎనిమిది పేర్లు అడగండి.